తోడుకి ఒక చెంచాడు

ఇవాళ

పొద్దున్నే నీలం దీపం వెలిగింది. అంటే మా నెత్తిమీది మంచు కప్పు ఇవాళ్టికి నిలుస్తుందని త్రినాథ హామీ ఇచ్చినట్టు. పొడుగాటి గడ పుచ్చుకుని నిచ్చెన ఎక్కడం, మంచుని అక్కడా ఇక్కడా తట్టి చెవి ఆనించి వినడం, తరవాత దిగొచ్చి దీపం మీట నొక్కడం అతని ఉద్యోగం. హామీ ఇవాళ్టి వరకే. రేపటి మాట మంచుగూడెంలో ఎవరూ ఎత్తరు.

అందుకే మా ఊళ్ళో రోజూ పండగే. వంటశాల నాది కాబట్టి ఆ పండగ బరువంతా నా నడుం మీదే. మంచి సరుకు ఏదీ దాచకుండా వండాలి. ఇవాళ గారెలు, పాయసం. నేను రాసుకునే ఈ డైరీ కూడా ఏ రోజుది ఆ రోజే ముగించెయ్యాలి, మిగతాది తరవాత రాస్తానని ఆపకూడదు. పైన తారీఖు వెయ్యడం లేదు. ఏ రోజైనా ఇవాళే.

సాయంత్రం గంట కొట్టాక సర్దుడు. గిన్నెలు తోమెయ్యాలి. తిండి మిగలకూడదు. కుట్టేవాళ్ళు దారం ముడేసి తెంపెయ్యాలి. పొద్దున పోట్లాడుకున్నవాళ్ళు రాజీ పడాలి. అప్పుడు సర్దుడు చూసే పెద్దాయన జగ్గప్ప గారు ఇంటింటికీ వచ్చి, గుమ్మంలో నిలబడి "ఏమైనా మిగిలిందా?" అని అడుగుతారు. "ఏమీ లేదండీ" అనాలి. ఆయన "వెళ్తున్నాను" అని పక్క గుమ్మానికి పోతారు. "వెళ్ళొస్తాను" అని మాత్రం అనరు. మళ్ళీ వస్తామని మాటిచ్చే అలవాటు మా ఊళ్ళో లేదు.

మధ్యాహ్నం పూట ఆయనా నేనూ పులి-మేక ఆడతాం. పులులు ఆయనవి, మేకలు నావి. గంట కొట్టేసరికి ఆట ఎంత రసపట్టులో ఉన్నా సరే, ఆయన పలక మీద చెయ్యి పెట్టి మొత్తం ఊడ్చేస్తారు. నేను పులుల్ని కట్టెయ్యబోతున్న రోజున ఆ చెయ్యి మరీ చురుగ్గా కదులుతుంది. నేను తిడతాను. ఆ తిట్టుకి కూడా సర్దుడులోపు క్షమాపణ చెప్పుకోవాలి, అదొక తద్దినం.

ఇంతకీ ఇవాళ్టి సంగతి హైమ. త్రినాథ పెళ్ళాం, మా పక్క గుమ్మం. ఊరు మొత్తం మీద సాయంత్రానికి పూర్తికాని పని ఉన్నది ఆ పిల్లకొక్కదానికే, కడుపుతో ఉంది. దాని గుమ్మం దగ్గర "ఏమైనా మిగిలిందా" అని అడిగేటప్పుడు జగ్గప్ప గారు కప్పుకేసి చూస్తారు. పొట్టకేసి చూస్తే ఏమనాలో ఆయనకీ తెలీదు.

ఆ పిల్ల ఏమీ తినడం లేదు. గారె వాసన పడదంది. పాయసం రెండు చెంచాలు మింగి దొడ్లోకి పరిగెత్తింది. డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, "వర్ధనమ్మా, బిడ్డ ఎదగడం లేదు. ఇలాగే ఉంటే నెలలు నిండకుండానే తియ్యాల్సొస్తుంది. అంత చిన్న బిడ్డని బతికించే సామాను నా దగ్గర లేదు. ఎలాగోలా ఏదో ఒకటి తినిపించు" అంది.

వెళ్ళి హైమ పక్కన కూచున్నాను. "ఏం తినాలనుందే నీకు?"

"నవ్వకూడదు అత్తా."

"నవ్వనులే, చెప్పు."

"పెరుగన్నం."

నేను నవ్వలేదు, నోరు తెరిచేశాను. సర్దుడు మొదలయ్యాక పుట్టినవాళ్ళెవరూ పెరుగన్నది చూడలేదు. మేకలున్నాయి, పాలున్నాయి, ఏ రోజు పాలు ఆ రోజే తాగేస్తాం. పెరుగు కావాలంటే ఇవాళ తోడుపెట్టి రేపటిదాకా ఆగాలి. ఆగడం మాకు రాదు.

"ఎప్పుడూ తిననిదాని మీద మనసు పోవడమేంటే?"

"మా అమ్మమ్మ చెప్పేది. చల్లగా, పుల్లగా, గొంతులో ఇట్టే జారిపోతుందట. ఆ మాట తలుచుకుంటే చాలు, కడుపులో తిప్పడం తగ్గుతోంది."

దాని చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. సర్దుడులోపు ఏడవడం కూడా ముగించాను.

మళ్ళీ ఇవాళ

చిన్నప్పుడు, భూమి నుంచి ఓడలో ఈ మంచు లోకానికి వచ్చేటప్పుడు, నేను పెరుగు తిన్నాను. రుచి గుర్తులేదు గానీ మా అమ్మ మాట గుర్తుంది. తోడు దొరక్కపోతే గోరువెచ్చటి పాలలో మిరపకాయ తొడిమలు వెయ్యమనేది. ముందొక ఇవాళ వంటశాలలో ఉన్న చింతపండు వేసి చూశాను, పాలు విరిగి ఊరుకున్నాయి. అందుకని మిరప మడి దగ్గరికి వెళ్ళాను.

మడులు యంత్రాలే చూసుకుంటాయి. అవి రేపటి గురించి ఆలోచించినా మా ఊళ్ళో ఎవరికీ అభ్యంతరం లేదు. కాపు చివరికొచ్చింది, నాలుగు పిడికెళ్ళ పండుమిరపకాయలు దొరికాయి. తొడిమలన్నీ తుంచి మూట కట్టుకున్నాను.

పాలు పిండే యంత్రం మధ్యాహ్నం గాని కదలదు. పాలు రాగానే కాచి, వేలు పెట్టి వేడి చూసి, సగం తొడిమలు వేసి మూతపెట్టాను. గంట కొట్టేసరికి మూత తీస్తే పాలు పాలలాగే ఉన్నాయి. కాస్త చిక్కబడ్డాయని నా ఆశ.

జగ్గప్ప గారు గుమ్మంలోకి వచ్చారు. "ఆ గిన్నెలో ఏమిటి?"

"పాలండీ."

"మిగల్చకూడదు కదా. తాగెయ్యండి."

"ఇందులో మిరప తొడిమలున్నాయండీ."

"తీసేసి తాగండి."

తాగాను. అది పాలూ కాదు, పెరుగూ కాదు, పైగా ఘాటు. చివరి గుక్క వరకూ నిలబడి చూసి, "ఏమైనా మిగిలిందా?" అని అడిగారు. మీ మీద కోపం మిగిలిందని చెప్పాలనిపించింది. చెబితే దానికి మళ్ళీ క్షమాపణ. "ఏమీ లేదండీ" అన్నాను.

ఇంకో ఇవాళ

హైమ పొద్దున గంజి తాగింది, కక్కేసింది. త్రినాథ నిచ్చెన దిగి నేరుగా వంటశాలకి వచ్చాడు. "అత్తా, ఆ మంచుని తట్టి దాని మనసు చెప్పగలను గానీ, మా హైమకి ఏం పెట్టాలో తెలీడం లేదు" అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అంత మనిషి అలా నిలబడితే నేను తట్టుకోలేను.

మిగిలిన తొడిమలన్నీ వేసేశాను. ఇక నా దగ్గర ఒక్కటి లేదు. గంట కొట్టేముందు గిన్నెని నా ఉన్ని శాలువలో చుట్టి, వేణ్ణీళ్ళ గొట్టం వెనక దాచాను.

"ఏమైనా మిగిలిందా, వర్ధనమ్మా?"

"ఏమీ లేదండీ."

సర్దుడులో అబద్ధం ఇంతవరకూ ఎవరూ ఆడినట్టు లేదు. కప్పు కూలితే నేను అబద్ధంతో పోతాను. ఆ బిడ్డ కోసం కాబట్టి పోతే పోతాను.

ఇవాళ, బ్రహ్మాండమైన ఇవాళ

తోడుకుంది! గిన్నె వంచితే పక్కలు కదిలాయి గానీ నడుమ ముద్దగా నిలబడింది. మేకపాల పెరుగు కదా, కాస్త జారుడే. నా చిటికెనవేలు ముంచి నాకాను. మా అమ్మ వంటగది, ఓడ చప్పుడు, అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి.

మెత్తటి అన్నంలో కలిపి, ఉప్పు వేసి హైమకి పెట్టాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నేనూ త్రినాథా ఊపిరి బిగబట్టాం. రెండో ముద్ద. మూడోది. తన గిన్నె ఖాళీ చేసి, "ఇంకా ఉందా?" అంది. దొడ్లోకి పరిగెత్తలేదు. త్రినాథ వీధిలోకి ఉరికి "తిన్నదిరా! మా హైమ తిన్నదిరా!" అని అరిచాడు.

ఇంక చెప్పేదేముంది, ఊరంతా ఊడిపడింది. ఎవరి చెంచా వాళ్ళు తెచ్చుకున్నారు. ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు, పిల్లలు మొహాలు వికారంగా పెట్టి మళ్ళీ చెయ్యి చాపారు. డాక్టరమ్మ మూడుసార్లు వరసలో నిలబడడం నేను చూశాను.

ఆఖర్న జగ్గప్ప గారు వచ్చారు. ఆయనకి ఒక చిన్న కప్పులో వేసి ఇచ్చాను.

"ఇది ఒక్కపూటలో అయ్యేది కాదు" అన్నారు.

"కాదండీ."

"నేను అడిగినప్పుడు ఏమీ లేదన్నారు."

"అన్నానండీ."

ఆయన కప్పు పట్టుకుని వెళ్ళిపోయారు. మధ్యాహ్నం ఆటకి రాలేదు. తిడితే బావుండేది.

గిన్నె అడుగంటా పిల్లలు వేళ్ళతో నాకేశారు. తోమక్కర్లేనంత శుభ్రం. అందరం ఒకరి మొహం ఒకరు చూసి నవ్వుకున్నాం. పాలు వచ్చాయి, కాచాను, చల్లార్చాను, తోడు వేద్దామని చెంచా తీసుకున్నాను.

తోడు ఏది?

చెంచా పట్టుకుని అలాగే నిలబడిపోయాను. గిన్నెడు పెరుగులో ఒక్క చెంచా దాచాలని నాకు తట్టలేదు. తిన్నవాళ్ళలో ఏ ఒక్కరికీ తట్టలేదు. పుట్టి బుద్ధెరిగాక మేం నేర్చుకున్నదల్లా గిన్నె ఖాళీ చెయ్యడమే. పండగ చేసుకుని మరీ హైమ తిండిని ఊడ్చి పారేశాం. నా నెత్తిన నేనే మొట్టుకున్నాను, నిజంగానే, గరిటెతో.

ఇవాళ, పసుపు దీపం

మిరప మడి దగ్గరికి పరిగెత్తాను. యంత్రం పాత మొక్కలన్నీ పీకి కొత్త విత్తనాలు నాటేసింది. మొలకైనా రాలేదు. ఊళ్ళో ఎండుమిరపకాయలున్నాయా అని ఇల్లిల్లూ అడిగాను. మా ఊళ్ళో ఎవరి దగ్గర ఏముంటుంది? అన్నీ తొడిమలు తీసి నూరుకున్న కారాలే.

హైమ ఏమీ తినలేదు. "పరవాలేదు అత్తా, ఒకపూట తిన్నాను కదా" అని నన్నే ఓదార్చింది. అది అలా అంటుంటే నా మీద నాకు అసహ్యమేసింది.

దానికి తోడు దీపం పసుపు, అంటే ఇవాళ్టికి కూడా హామీ లేనట్టు. మా ఆకాశంలో ఉండే ఆ పెద్ద గ్రహం దగ్గరికి వచ్చినప్పుడు మంచుని లాగుతుంది, కప్పు మూలుగుతుంది. ఇవాళ మూలుగు గట్టిగా ఉంది. మీట నొక్కి మళ్ళీ ఎక్కిన త్రినాథ నిచ్చెన దిగనే లేదు. ఊళ్ళో అందరూ పొద్దుణ్ణుంచే సర్దుకోవడం మొదలెట్టారు. ఒకళ్ళనొకళ్ళు కావిలించుకుంటున్నారు. పాత పాటలు పాడుకుంటున్నారు. నేను మాత్రం కాచిన పాల ముందు కూచున్నాను.

గంటకి చాలా ముందే జగ్గప్ప గారు వచ్చారు. చేతిలో నిన్నటి కప్పు, దాని మీద సాసరు మూత. బల్ల మీద పెట్టి, నాకేసి చూడకుండా మూత తీశారు. అడుగున చెంచాడు పెరుగు ఉంది.

"మీరు మిగిల్చారా?" అన్నాను.

"ఆఁ, మిగిల్చాను. ఆ రుచి మర్నాడు కూడా చూడాలనిపించింది." ఆయన మొహం కందిపోయింది. "ఊరందరినీ అడిగేవాణ్ణి. నా గదిలో నేనే దాచుకున్నాను. మీ మీద కోప్పడదామని బయల్దేరి ఏ మొహంతో రాను? అందుకే ఆటకి రాలేదు."

"కూచోండి" అన్నాను. కూచున్నారు. పైన మంచు మూలిగింది. ఇద్దరం తలెత్తి చూసి మళ్ళీ దించుకున్నాం.

"పడమటిగూడెం కప్పు కూలినప్పుడు బతికినవాళ్ళని వెతకడానికి వెళ్ళినవాళ్ళలో నేనూ ఉన్నాను" అన్నారు. "కుర్రాణ్ణి. ఒక ఇంట్లో పులి-మేక పలక ఉంది. పావులు కదల్లేదు. పులి మేక మీదికి దూకబోతోంది. ఆడేవాళ్ళు లేరు. ఆ సగం ఆట నా కళ్ళలోంచి పోలేదు వర్ధనమ్మా. తిరిగొచ్చాక, మన ఊళ్ళో ఏదీ సగంలో ఉండకూడదని పెద్దల్ని పట్టుబట్టి సర్దుడు పెట్టించింది నేనే."

ఇన్నాళ్ళూ ఆయన ఓడిపోతాననే పలక ఊడుస్తున్నారని ఎగతాళి చేశాను. సిగ్గేసింది. కానీ నాకు అనిపించింది అనకుండా ఉండే అలవాటు లేదు.

"జగ్గప్ప గారూ, వాళ్ళు ఆడుకుంటూ పోయారు కదండీ. ఒకాయన దూకబోతున్నానని మురుస్తూ, ఇంకొకాయన ఎలా తప్పించుకోవాలా అని బుర్ర గోక్కుంటూ. భయపడి పావులు సర్దుకుంటూ పోలేదు."

ఆయన పెరుగు కప్పు నావైపు జరిపి, "పాలు చల్లారిపోతాయి" అన్నారు.

పసుపు దీపం వెలుగులో, రేపటికని, ఆ చెంచాడు పెరుగు పాలలో కలిపాను. పైకప్పు ఉంటుందో లేదో తెలీదు. అయినా నా బతుకులో ఇంత బాగున్న సాయంత్రం ఇంకోటి లేదు. గంట కొట్టాక ఆయన అన్ని గుమ్మాల్లోనూ అడిగారు. నా గుమ్మం ముందు మాత్రం గొంతు సవరించుకుని, అడక్కుండానే వెళ్ళిపోయారు.

నీలం దీపాల ఇవాళ

వేరువేరు రోజులకి పేర్లు లేకపోవడం ఇబ్బందిగానే ఉంది. 'పెరుగు బాగా పులిసిన ఇవాళ', 'హైమ నాలుగు ముద్దలు ఎక్కువ తిన్న ఇవాళ' అని గుర్తు పెట్టుకుంటున్నాను.

గిన్నె తెరవగానే మొదట తోడుకి ఒక చెంచాడు పక్కన పెడుతున్నాను. అది ముట్టుకుంటే చెయ్యి విరిచేస్తానని చెప్పాను, డాక్టరమ్మకి కూడా. హైమ చెంపలు తేరుకున్నాయి. బిడ్డ లోపల తన్నడం మొదలెట్టిందట. త్రినాథ గడతో మంచుని తట్టినంత జాగ్రత్తగా పెళ్ళాం పొట్ట తట్టి, చెవి పెట్టి వింటున్నాడు.

ఇల్లిల్లూ వచ్చి తోడు పట్టుకెళ్తున్నారు. అసలు విచిత్రం అది కాదు. తోడు చెంచాతో పాటు ఇంకేవో మిగలడం మొదలయ్యాయి. మూలింటి ఆవిడ చీర అంచు కుడుతూ సూది గుడ్డలోనే గుచ్చి వదిలేసింది. పిల్లలు కథ సగంలో ఆపించి నిద్రపోతున్నారు. ఇవాళ హైమా త్రినాథా ఉయ్యాల ఎక్కడ కట్టాలని పోట్లాడుకున్నారు. గంట కొట్టింది. రాజీ పడతారని చూస్తుంటే హైమ, "నేనొప్పుకోను. రేపు పొద్దున్న తేలుస్తాను నీ సంగతి" అంది. త్రినాథ మొహం వెలిగిపోయింది. రేపు పోట్లాడతానని పెళ్ళాం మాటివ్వడం ఎవరికి దక్కుతుంది?

జగ్గప్ప గారు అన్నీ చూస్తున్నారు. ఇంకా అందరినీ అడుగుతూనే ఉన్నారు. అందరూ "ఏమీ లేదండీ" అంటూనే ఉన్నారు, వెనకాల సూది గుచ్చిన చీర పెట్టుకుని. పులి-మేక పలక మాత్రం గంట కొట్టగానే ఊడ్చేస్తున్నారు. ఆ విషయంలో నేను నోరు మూసుకున్నాను. నాకది చాలా కష్టమైన పని.

ఒకటో రోజు

అవును, ఒకటో రోజనే రాస్తున్నాను. కారణం ఉంది.

పొద్దున నీలం దీపం వెలిగిన కాసేపటికి హైమకి ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండి పుట్టింది, గట్టిగా ఏడ్చింది, నా వేలు పట్టుకుని వదల్లేదు. డాక్టరమ్మ "సామానేం అక్కర్లేదు వర్ధనమ్మా, దీనికి నేనే అక్కర్లేదు" అంది. త్రినాథ ఏడుస్తూ నవ్వుతూ నా కాళ్ళకి దణ్ణం పెట్టబోతే, ముందు వెళ్ళి మొహం కడుక్కోమన్నాను. నేనూ వెళ్ళి కడుక్కున్నాను.

మా ఊళ్ళో బిడ్డ పుట్టగానే పేరు పెట్టెయ్యాలి. పేరు లేకుండా సర్దుడు దాటకూడదు. పడమటిగూడెంలో దొరికిన పేరు లేని పసిబిడ్డని ఏమని పిలిచి సాగనంపాలో ఆనాడు ఎవరికీ తెలియలేదట. అందుకని ఈ ఒక్క నియమం దగ్గర అందరికీ గుండె బరువే.

మధ్యాహ్నం ఆటలో నేను రెండు పులుల్ని కట్టేశాను. మూడోదానికి ఒక్క దారే ఉంది. అప్పుడే గంట కొట్టింది. జగ్గప్ప గారు పలక మీదికి చెయ్యి చాపారు. చెయ్యి అక్కడే ఆగింది. వెనక్కి తీసుకుని లేచి, సర్దుడుకి బయల్దేరారు. నేనూ లేచి ఆయన వెనకే నడిచాను.

హైమ గుమ్మం ముందు ఆయన నిలబడ్డారు. ఈసారి కప్పుకేసి చూడలేదు. హైమ ఒళ్ళో బిడ్డకేసి చూశారు.

"ఏమైనా మిగిలిందా, అమ్మా?"

"మిగిలింది బాబాయ్ గారూ" అంది హైమ. "పేరు పెట్టలేదు."

అందరూ గుమ్మాల్లోంచి వీధిలోకి వచ్చారు. త్రినాథ పెళ్ళాం భుజం మీద చెయ్యి వేశాడు.

"ఎందుకమ్మా?" అన్నారు ఆయన.

"మా అమ్మమ్మ చెప్పేది, బారసాల పదకొండో రోజున చేస్తారట. అప్పుడు పెడతాను. అందరూ రావాలి. వర్ధనత్త పెద్ద గిన్నెతో పెరుగు తోడుపెడుతుంది. మీరు బిడ్డ చెవిలో పేరు చెప్పాలి."

"అప్పటిదాకా దీన్ని ఏమని పిలవమంటావు?"

"పిల్లా అని పిలవండి. ఊరుకుంటుంది."

జగ్గప్ప గారు బిడ్డ దగ్గరికి వంగారు. పడమటిగూడెం ఆయన మొహంలో కనిపించింది, తరవాత మెల్లగా పోయింది. పిల్ల ఆయన మీసం దొరకబుచ్చుకుంది.

"పదకొండో రోజు" అన్నారు, ఆ మాట నోట్లో ఎలా ఉంటుందో రుచి చూస్తున్నట్టు. "ఏ పూట?"

"పొద్దున్నే, దీపం వెలగ్గానే."

"ఆలస్యం చెయ్యనులే."

మీసం విడిపించుకుని, గుమ్మం దిగి, నావైపు తిరిగారు. "మీ మూడో పులి పని రేపు చూద్దాం, వర్ధనమ్మా. పావులు ముట్టుకోవద్దు, నాకు అన్నీ గుర్తున్నాయి."

"మీదే ఆ పులి, నాది మేక" అన్నాను. కళ్ళు తుడుచుకున్నాను.

ఆయన వీధి చివరిదాకా నడిచి, ఏదో మరిచిపోయినట్టు ఆగి, వెనక్కి తిరిగి ఒళ్ళో బిడ్డతో గుమ్మంలో కూచున్న హైమకీ, త్రినాథకీ, నాకూ, వీధిలో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా గట్టిగా చెప్పారు.

"వెళ్ళొస్తాను."